రాక్షసుడికి రెండు రేషన్ కార్డులు

ఒడిశాలోని మా బరంపురంలో కుర్రాళ్ళు ఆదివారం పూట మేడెక్కి పాచికలు వేస్తున్నారని ఈమధ్య పెద్దలకు టెన్షన్ పట్టుకుంది. జూదం కాదని మనవి. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అచ్చు వేయించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అది. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు వీరులవుతారు, ఇరవై ముఖాల పాచిక ఎవరి తల తెగాలో తేలుస్తుంది. ఆటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మనవాళ్ళు తయారుచేస్తున్న రాక్షసుల నాణ్యతతోనే.

మా అన్నయ్య కొడుకు సొంతంగా సృష్టించిన ఒక ఘోరజీవి తాలూకు కాగితాలు చూశాను. మూడు తలలు, ఆరు కొమ్ములు, నోట్లో నిప్పు, ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే ప్రాణం పాయింట్లు 210. దాని బాల్యం, తల్లి శాపం, ఇష్టమైన మాంసం అన్నీ కలిపి నాలుగు పేజీలు. పెళ్ళిచూపుల బయోడేటాలో కూడా ఇన్ని వివరాలుండవు. ఇంత తెలిశాక ఇంక భయమేమిటి, ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి.

పైగా కొమ్ములు చూసి జడుసుకునే ఊరా ఇది? రెండేళ్ళకోసారి ఊరి అమ్మవారు ఠాకురాణి యాత్రలో ఒళ్ళంతా పసుపూ నలుపూ చారలు పూసుకున్న పులి వేషగాడు, రంగు చెరక్కుండా మూతి సున్నాలా చుట్టి టీ తాగడం చూస్తూ పెరిగినవాళ్ళం.

అమెరికావాళ్ళు ఈ ఆట కోసం వేసిన 1977 నాటి రాక్షసుల పుస్తకంలో మన రాక్షసుణ్ణీ చేర్చుకున్నారు. పులి తల తగిలించి, చేతికి పొగ గొట్టమిచ్చి, మంత్రించిన బాణంతో చస్తాడన్నారు. మన పురాణాల్లో అంత చవగ్గా చచ్చినవాడు నాకు గుర్తు లేడు. అయినా వాళ్ళ తుప్పు పురుగుని మాత్రం మెచ్చుకోవాలి. ఓ చవక ప్లాస్టిక్ బొమ్మను చూసి అల్లిన జీవి అది. మనిషి జోలికి రాదు, మీసాలు తగిలిస్తే చాలు ఇనుము తుప్పు పట్టి రాలిపోతుంది. దాన్ని చూసి కత్తీ కవచమూ ఉన్న మహావీరుడు పరుగెడతాడు, చేతికర్ర ముసలాడు తాపీగా నిలబడతాడు. ఎవరి దగ్గర ఏం లాక్కుంటుందో ముందు తేల్చుకోవాలి, తలల లెక్క తర్వాత.

అందుకని కొరాపుట్ జిల్లా సరిహద్దులోని కొటియా తరఫున ఒక జీవిని ప్రతిపాదిస్తున్నాను. అక్కడి 21 ఊళ్ళు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల తగువు 1968లో కోర్టుకెక్కింది, ఇప్పటికీ తెగలేదు. మన జీవి కనబడదు. మునిమాపు వేళ తలుపు తట్టి, తెలుగు ఇంట్లో ఒడియాలో, ఒడియా ఇంట్లో తెలుగులో "మీది ఏ రాష్ట్రం?" అని మర్యాదగా అడుగుతుంది. ఏ జవాబు చెప్పినా ఒకటే. తెల్లారేసరికి రేషన్ కార్డు మీది ఫొటోలో ముఖం మాయమై చొక్కా కాలరు మాత్రమే మిగులుతుంది. ఒక్క విరుగుడుంది. "ముందు నీ నివాస ధృవపత్రం చూపించు" అనాలి. తేవడానికి వెళ్తుంది, ఈ జన్మలో తిరిగిరాదు. అయితే ఈ విరుగుడు వీరులకు ముందే చెప్పకూడదు. ముఖం లేని కార్డులు నాలుగైదు చూసి, వాళ్ళే కూడబలుక్కుని కనిపెట్టాలి.

మావాడు అంతా శ్రద్ధగా రాసుకుని, "బాగుంది బాబాయ్, ప్రాణం పాయింట్లు ఎంతెయ్యమంటావు?" అన్నాడు.

"ఏ రాష్ట్రం లెక్క ప్రకారం రా?" అన్నాను.