ఇంటిపేరు చెబితే గానీ పలకని ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్ గారికి

మహారాజశ్రీ ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్ గారికి నమస్కరించి రాయునది,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నిన్న రాత్రి పదకొండు దాకా మీ ముందే కూర్చున్నవాణ్ని, అబద్ధం దేనికి? మీరు కులాసాగానే ఉన్నారు. నేను లేను.

మీ జ్ఞాపకశక్తికి మాత్రం దండం పెట్టాల్సిందే. ట్యాగుల్లో ట్యాగులు పెట్టి రాసిన డాక్యుమెంటు ఇస్తే టేబుళ్లుగా ముక్కలు చెయ్యకుండా చెట్టును చెట్టులాగే దాచుకుంటారు. పాతకాలం కరణంగారిలా ఎవరు ఎవరి సంతానం, ఎవరి ముందు ఎవరు పుట్టారు, ముత్తాత ఎవరు, అన్నీ మీకు కంఠతా. 1999లో, మీలో వెతకడానికి దారి చెప్పే భాష ఎక్స్‌పాత్ వచ్చినప్పుడే చుట్టరికాలు పదమూడని లెక్క తేల్చారు. తనకి తనే చుట్టం కావడం కూడా అందులో ఒకటి. మా పెళ్లిళ్ల పేరయ్య కూడా అంత దూరం వెళ్లడు.

మీ వంశంలో ఎగ్జిస్ట్ అని ఒకాయన ఉన్నారు, 2000లో మొదలైనవారు. ఆయన లోపలి ట్యాగులకి నంబర్లు వేసే తీరు చూస్తే అచ్చం మన ఊళ్లో ఇళ్ల నంబర్లే. 1.3.2 అనగానే 1.3 గారి బిడ్డ అని తెలిసిపోతుంది, డాక్యుమెంటు తెరవక్కర్లేదు. 1.3కీ 1.4కీ మధ్య కొత్తగా ఎవరైనా దూరితే వీధి మొత్తం నంబర్లు మార్చరు, 1.3/1 అని బై నంబరు తగిలిస్తారు. మా మున్సిపాలిటీ ఎప్పట్నుంచో చేస్తున్నది ఇదేగా! (ఇల్లు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఎవరికీ దొరకదు, అది వేరే సంగతి.) ఆయన పాత పద్ధతి ఇంకా సరదా. ఒక తరంలో ఒకరికి ఇరవైమంది పిల్లలుంటే, ఆ తరంలో అందరికీ ఇరవైమంది ఉన్నట్టే లెక్క. పుట్టని పిల్లలకీ నంబర్లు రిజర్వు. పెద్ద డాక్యుమెంటు వచ్చిందా, నంబర్లే అయిపోయేవి.

దాచేదీ మీరే, వండేదీ మీరే, వడ్డించేదీ మీరే. ఎక్స్‌క్వెరీ అనే ప్రశ్నల భాష మీ కడుపులోనే నడుస్తుంది, హెచ్‌టీటీపీ అనే వెబ్ గుమ్మమూ మీదే. అమెరికా విదేశాంగ శాఖలోని చరిత్రకారుల కార్యాలయం 1861లో మొదలైన దౌత్య పత్రాల సంపుటాలను పాఠకులకు అందిస్తున్నది ఎగ్జిస్ట్ గారి చేతుల మీదుగానే.

ఇంత తెలిసిన మీరు నిన్న నాతో ఏమన్నారు? ఏమీ అనలేదు. నా గొడవంతా అదే.

లోపల వేల ఇన్వాయిస్‌లున్నాయి. నేనే ఎక్కించాను. 'ఇన్వాయిస్ గారున్నారా' అని అడిగితే ఖాళీ. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మూడు గంటలు పోయాక తెలిసింది, వాళ్లకి నేమ్‌స్పేస్ ఉందని. అంటే ఇంటిపేరు. గుమ్మం మీద ఒక్కసారి రాస్తే లోపలివాళ్లందరికీ అదే వర్తిస్తుంది, ఎవరి మెడలోనూ బోర్డు ఉండదు. పైగా అది చూడ్డానికి వెబ్ అడ్రసులా ఉంటుంది గానీ, అక్కడికి వెళ్తే ఏదైనా ఉండాలని రూలు లేదు! నేను ఇంటిపేరు లేకుండా అడిగాను. 'ఏ ఇన్వాయిస్ బాబూ, ఏ ఇంటివాళ్లు?' అంటే మీ సొమ్మేం పోయింది? ట్యాగు ఒక్కటి మూయకపోతే మాత్రం లైను నంబరుతో సహా చీవాట్లు పెట్టి ఫైలు మొత్తం బయటికి గెంటేస్తారే!

ఇంటిపేరు చేర్చాక జవాబొచ్చింది, నత్తనడకన. సరే అని, వెతుకులాట వేగంగా సాగడానికి పేర్ల రిజిస్టరు లాంటి ఇండెక్స్‌కి కాన్ఫిగరేషన్ రాశాను. అయినా అదే నడక. ఎందుకంటే కొత్త రిజిస్టర్లో ఇకమీదట వచ్చేవాళ్ల పేర్లే ఎక్కుతాయట. ఇప్పటికే లోపలున్నవాళ్ల కోసం రీఇండెక్స్ అని విడిగా అర్జీ పెట్టుకోవాలి. కరణంగారి పోలిక ఊరికే తేలేదు నేను.

మిమ్మల్ని తీసేసి, డేటా రాసే ఇంకో పద్ధతి జేసన్‌కి పోదామని మా మేనేజర్ అంటున్నాడు. అసలు ఇంటిపేర్లే లేని కుటుంబం అది. నేనింకా అవునని అనలేదు. రీఇండెక్స్ పెట్టి ఇంటికొచ్చాను, పొద్దున్నకి అవుతుందేమో చూడాలి.

ఇట్లు,
మీ గుమ్మంలో నిలబడ్డ ఒక డెవలపర్

తా.క.: ట్యాగులన్నీ మూశాను. చూసుకోండి.