బ్రెజిల్ వాడు మనకి ఒక నెయ్మార్ బాకీ

ముందు ఒక పాత బాకీ సంగతి తేల్చుకోవాల. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఏ జాతో తెలుసా, నెలోరి. అంటే మన నెల్లూరే, వాళ్ళు ఒక ‘ల’ మింగేశారు అంతే. 1868లో ఇంగ్లండ్ పోతా ఉన్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగితే అందులోంచి మన ఒంగోలు పశువులు రెండు దిగినాయని చెప్తారు, ఆ తర్వాత కూడా దఫాలు దఫాలుగా తోలకపోయినారు, ఇప్పుడు ఆడ వాటి మందలు కోట్లల్లో ఉండాయి, వియాటినా-19 అనే ఆవుకి, అంటే మన ఆడపడుచుకి, 2023లో కట్టిన ఖరీదు 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. మనకేం మిగిలింది? ఎడ్ల పందేలప్పుడు తీసే రీల్స్.

ఇదే బ్రెజిల్ వాడు ఇంకో సరుకు కూడా ఎగుమతి చేస్తాడు, ఫుట్‌బాల్ ఆడే పిల్లకాయలు. శాంటోస్ అనే క్లబ్బు నెయ్మార్‌ని చిన్న పిల్లోడుగా ఉన్నప్పుడే పట్టుకుని, మేపి, ఆడించి, 2013లో స్పెయిన్ క్లబ్బు బార్సిలోనాకి అమ్మింది, ఆడి నుంచి 2017లో పారిస్ వాళ్ళు 22 కోట్ల 20 లక్షల యూరోలిచ్చి తోలకపోయినారు. చిన్నప్పుడు పట్టడం, పళ్ళు చూడడం, నడక చూడడం, సుడులు చూడడం, సంతకి తోలడం. ఈ విద్య ఆ రెండు పశువులతో పాటే ఓడ దిగిందని నా గట్టి అభిప్రాయం. కాబట్టి బ్రెజిల్ ప్రభుత్వం మర్యాదగా మనకో నెయ్మార్‌ని పంపాల, వడ్డీ వద్దులే పో.

ఈ మాట నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో టీ తాగతా మా బామ్మర్దితో అన్నా. వాడు ప్లాట్లు అమ్ముతాడు. ఫుట్‌బాల్ అంటే తెలీదు కానీ యూరప్ క్లబ్బులు స్టేడియాలకీ పిల్లకాయల ట్రైనింగుకీ వేల కోట్లు పెడతా ఉండాయని యాడో చూశాడంట, నాకు చూపించి, “బావా, భూమీ పిల్లకాయలూ, ఇది మన వ్యాపారమే కదా, వీళ్ళకి ఎవరు చెప్పారు?” అన్నాడు. ఆలోచిస్తే నిజమే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మనిషి చేతిలో నాలుగు డబ్బులాడితే రెండే చోట్ల పెడతాడు, ఒకటి కయ్య పూడ్చి వేసిన వెంచర్లో, రెండు పిల్లోడి ఇంటర్ హాస్టల్లో. మాంచెస్టర్ సిటీ వాళ్ళు 2014లో 80 ఎకరాల్లో అకాడమీ తెరిచినారు, పిల్లకాయలు ఆడుకునే దానికే 7,000 మంది కూర్చునే స్టేడియం ఉంది అంటే మా వాడు అడిగిన మొదటి ప్రశ్న, “80 ఎకరాలు హైవే ఫేసింగా, లోపలికా?”

సరే స్టేడియం సంగతికొద్దాం. లండన్లో టాటెన్‌హామ్ వాళ్ళు 2019లో ఒకటి తెరిచినారు, 62,850 మంది కూర్చోవచ్చు, ఖర్చు వంద కోట్ల పౌండ్ల దాకా, మన లెక్కలో పది వేల కోట్ల పైమాటే. దాని గొప్పేందంటే గడ్డి మొత్తం మూడు ముక్కలై గ్యాలరీ కిందికి జరిగిపోద్ది, ఇరవై అయిదు నిమిషాల్లో, అడుగున ఇంకో గ్రౌండు రెడీగా ఉంటాది, అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ కోసం. గ్లాసులోకి బీరు అడుగు నుంచి ఎక్కే మిషన్లు కూడా ఉండాయి. ఇంత కట్టినాక ఆటలో కప్పు ఎప్పుడొచ్చింది అంటే, 2008 తర్వాత మళ్ళీ 2025లో, ఆ సంవత్సరమే లీగులో ఇరవై జట్లలో పదిహేడో స్థానం. అయినా బాధలేదు, మన దగ్గర కూడా ఇంటికి ఎలివేషన్ చేయించినోడు లోపల ఏం వండతా ఉండాడని ఎవరడిగారు.

ఇంగ్లీషోళ్ళని నేను అడిగేది ఒకటే, గడ్డిని జరపడానికి అంత డబ్బా? మా ఊరి గ్రౌండు చూడండి (ఏ ఊరో చెప్పను, కమిటీ వాళ్ళు నొచ్చుకుంటారు). తెల్లారి అయిదుకి షుగర్ పేషెంట్ల వాకింగ్ ట్రాక్, ఏడుకి కారు నేర్చుకునేవాళ్ళకి డ్రైవింగ్ స్కూలు, సాయంత్రం ఒకేసారి ఆరు క్రికెట్ మ్యాచీలు, ఒకరి ఫీల్డర్ ఇంకొకరి పిచ్ మీద, దీపావళికి టపాకాయల అంగళ్ళు, ఎలక్షన్లప్పుడు బహిరంగ సభ, ఎండాకాలం ఎగ్జిబిషన్. ఇంత జరిగినా గ్రౌండు ఒక్క అంగుళం యాడికీ జరగలా. దాని మీద గడ్డి లేదు కాబట్టి జరిపే సమస్యే రాదు, ఈ టెక్నాలజీ టాటెన్‌హామ్ వాళ్ళకి తట్టలా. మాడ్రిడ్‌లో రియల్ వాళ్ళు బెర్నబావు స్టేడియంలో గడ్డిని భూమి కిందికి దించి పైన పాటల కచేరీలు పెట్టుకున్నారు, చుట్టుపక్కల ఇళ్ళోళ్ళు సౌండు ఎక్కువైందని గొడవ చేస్తే 2024లో కచేరీలు ఆపేసుకున్నారంట. సౌండు ఎక్కువైందని! మా గ్రౌండు పక్క వీధిలో ఆరునెలల పసిబిడ్డకి కూడా మైకు టెస్టింగ్ వినపడకపోతే నిద్రపట్టదు.

ఇప్పుడు అసలు విషయం, లెక్కల పుస్తకం. ఇంగ్లండ్ పెద్ద లీగు ప్రీమియర్ లీగ్‌లో 2025-26 సీజను దాకా నడిచిన పద్ధతి ఏందంటే మూడేళ్ళలో క్లబ్బు మహా అయితే 10 కోట్ల 50 లక్షల పౌండ్లు నష్టపోవచ్చు, అంతకు మించితే శిక్ష. కానీ స్టేడియం కట్టడానికీ పిల్లకాయల అకాడమీకీ పెట్టింది ఆ నష్టంలో కలిపేవాళ్ళు కాదు, పక్కన పెట్టేసేవాళ్ళు. మన కూతురి పెళ్ళి ఖర్చు లాగన్న మాట, చేసినోడు అప్పుల్లో మునిగినా ఊరు దాన్ని దుబారా అనదు. ఎవర్టన్ వాళ్ళు మాత్రం రేవు పక్కన కొత్త స్టేడియం కడతా, కట్టడానికి తెచ్చిన అప్పు వడ్డీ కూడా దాని కిందే రాసుకోండి సామీ అంటే ఒప్పుకోలా, 2023లో పది పాయింట్లు కోసేసినారు, అప్పీలుకి పోతే ఆరుకి తగ్గించినారు. వడ్డీ లెక్క కూడా సరిగ్గా రాసుకోలేనోళ్ళు ఒక్క మాట మన రొయ్యల గుంటలోళ్ళని అడిగుంటే పోయేది కదా.

పిల్లకాయల లెక్క ఇంకా బాగుంటాది. బయట నుంచి కొన్న ఆటగాడి ఖరీదుని కాంట్రాక్టు ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళకి పంచి రాస్తారు, అమ్మినప్పుడు ఇంకా రాయకుండా మిగిలిన ఖరీదు తీసేసి లాభం చూపాల. అదే సొంత అకాడమీలో పెరిగినోడైతే పుస్తకంలో వాడి విలువ సున్నా, కాబట్టి ఎంతకమ్మితే అంతా లాభమే. మేసన్ మౌంట్ అని ఒక పిల్లోడు ఆరేళ్ళప్పుడు లండన్ క్లబ్బు చెల్సీలో చేరి, ఆడే పెరిగి, వాళ్ళకి చాంపియన్స్ లీగ్ కప్పు తెచ్చి, 2023లో మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయినాడు, 5 కోట్ల 50 లక్షల పౌండ్లు, పైన ఇంకొంత. అభిమానులేమో మా ఇంటి బిడ్డ అని ఏడుస్తా ఉంటే అకౌంటెంట్ పక్కనుంచి అవునవును ఇంటి బిడ్డే, అందుకే అమ్మింది అన్నాడంట, అనలేదులే, నేనే అనుకున్నా. కొన్న ఎద్దునమ్మితే తేడా మిగల్తాది, ఇంట్లో ఈనిన దూడనమ్మితే మొత్తం మిగల్తాది, ఇది మా తాతకి చదువు లేకుండా తెలుసు.

బార్సిలోనా వాళ్ళ అకాడమీ లా మసియా అయితే పూర్తిగా మన హాస్టలే. 1702 నాటి రైతు ఇల్లు, 1979 నుంచి అందులో పిల్లకాయల్ని పెట్టి పెంచినారు (2011లో కొత్త బిల్డింగులోకి మారినారు, మన వాళ్ళు కొత్త బ్రాంచి పెట్టినట్టు). 2000 డిసెంబరులో పదమూడేళ్ళ మెస్సీకి అగ్రిమెంటు దేని మీద రాశారో తెలుసా, మూతి తుడుచుకునే కాయితం మీద. అది 2024 వేలంలో 7,62,400 పౌండ్లకి పోయింది. ఈ ముక్క వినంగానే మా బామ్మర్ది లేచి నిలబడ్డాడు, స్టాంపు పేపర్ లేకుండా, సాక్షి సంతకం సరిగ్గా లేకుండా, ఎనిమిది కోట్లు! వాడి దగ్గర అట్టాంటి కాయితాలు రెండు బీరువాలు ఉండాయి.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ళు మనకన్నా బాగా వెనకబడి ఉండారు. ఆటగాడిని ఒక దేశం క్లబ్బు ఇంకో దేశం క్లబ్బుకి అమ్మితే, వాడికి పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ళ దాకా ఆట నేర్పిన క్లబ్బులన్నిటికీ ఆ డబ్బులో 5 శాతం పంచాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా రూలు. పల్లెటూరి చిన్న క్లబ్బయినా సరే. ఇదేం అన్యాయమబ్బా! ఈ రూలు మన దగ్గరికి వస్తే ఏమవుద్ది? ఉదయగిరి వైపు ఏదో జడ్పీ హైస్కూల్లో ఒక ఐవారు పదో తరగతి దాకా లెక్కలు చెప్తాడు, సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మళ్ళీ చెప్తాడు, ఫీజు కట్టలేకపోతే కడతాడు. రెండేళ్ళ తర్వాత ఆ పిల్లోడి ఫొటో పేపర్లో ఫుల్ పేజీ యాడ్‌లో ర్యాంకుతో సహా పడతాది, కింద కాలేజీ పేరు తాటికాయంత అక్షరాల్లో. ఐవారు ఆ పేపరు టీ అంగట్లో చూసి “మా వాడే” అంటాడు, టీ డబ్బులు ఆయనే ఇస్తాడు. ఇప్పుడు ఆయనకి 5 శాతం పంచాలంటే కార్పొరేట్ చదువు కూలిపోదా?

పైగా ఐవార్లకి డబ్బిస్తే పని చెడిపోద్దని చరిత్ర చెప్తా ఉంది. హైదరాబాదు రహీం సాబు బడిపంతులే, ఆయన కోచింగులో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఫుట్‌బాల్ టీముకి నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారం. జరిగే గడ్డి లేదు, 80 ఎకరాలు లేవు. అది చూసి మనవాళ్ళు కరెక్టుగానే అర్థం చేసుకున్నారు, ఏమీ పెట్టకుండానే వస్తా ఉంటే పెట్టడమెందుకని, అప్పట్నించీ పెట్టలా.

మా బామ్మర్ది బ్రోచర్ వేయించినాడు. క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్, ‘యూరప్ తరహా ఫుట్‌బాల్ అకాడమీ’, నలభై అడుగుల రోడ్లు. గ్రౌండు ఎక్కడరా అంటే ఒక ఆకుపచ్చ ముక్క చూపించినాడు. అసలు కొలతకి ఎకరా ముప్పాతిక కావాలిరా అన్నా. వాడు కాలుక్యులేటర్ తీసి అంకణాల్లోకి మార్చి చూసుకుని, కాసేపు మాట్లాడలా, తర్వాత “పిల్లకాయలు ముందు చిన్న గ్రౌండులో నేర్చుకుంటేనే మంచిది బావా” అన్నాడు.

నిన్న సాయంత్రం మా గ్రౌండుకి పోయినా. ఎగ్జిబిషన్ రేకులు కట్టేశారు, మిగిలిన మూలలో జెయింట్ వీల్ గుంతల మధ్య నలుగురు పిల్లకాయలు చెప్పుల్ని గోల్‌పోస్టులుగా పెట్టి బంతి ఆడతా ఉండారు, అందరిలోకీ చిన్నోడు ఎడమ కాలితో ఒకటి తన్నినాడు, మంచి షాటు, చెప్పుల మధ్య నుంచి పోయి రేకు సందులో దూరి అప్పడాల స్టాల్ కింద ఆగింది. వాడు గేటు దగ్గరికి పరిగెత్తి, “అన్నా, బంతి లోపలికి పోయింది” అన్నాడు. గేటు దగ్గర కూర్చున్నాయన తల ఎత్తకుండా, “బంతికి ఫ్రీ రా, నీకు మాత్రం నలభై” అన్నాడు.