సెల్లో గారూ, ఎవరు పోయారండి?

సెల్లో గారికి,

నమస్కారాలండి. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని తలుస్తాను. క్షేమమే అయితే మరి ఆ ఏడుపు దేనికో కాస్త తెలియజేయగలరు.

మాది కోనసీమ, అంబాజీపేట పక్కన. మూడెకరాల వరి, గట్ల మీద కొబ్బరి. మీరు పడమటి దేశాల తీగవాద్యమట, మా ఇంటికి పిలవని పేరంటంగా వచ్చారు. కార్తీకమాసంలో ఓ రాత్రి ఫోన్లో కీర్తన పెట్టుకుని కునుకు తీశాను. అది అయిపోయాక ఫోను దానంతటదే ఇంకోటి, ఇంకోటి మోగించుకుంటూ పోయింది. రెండింటికి మెలకువ వచ్చేసరికి చీకట్లో ఎవరో పెద్దమనిషి గొంతు దాచుకుని ఏడుస్తున్నట్టు వినపడింది. మా నాన్నగారు పోయి పదకొండేళ్లయింది. అయినా లేచి వీధరుగు దాకా వెళ్లి చూసొచ్చానండి.

తెల్లారాక మా ఆవిడ అడిగింది.

"రాత్రంతా ఏంటండి వింటన్నారు?"

"సెల్లో."

"సెల్లోనే అని తెలుస్తానే ఉందండి. ఏంటది?"

"అదే చెబుతున్నాను. సెల్లో."

"చెప్పకపోతే మానెయ్యండి" అని గిన్నె విసురుగా కింద పెట్టింది. మీ పేరుతో ఇదే గొడవ. మా బావ అతికించే టేపనుకున్నాడు, వాళ్ల పిల్లాడు పెన్ననుకున్నాడు.

అసలు చిక్కు స్పీకరు వచ్చాక మొదలైంది. మా అబ్బాయి హైదరాబాదు నుంచి పంపిస్తే సాయంత్రం అరుగు మీద పెట్టి మిమ్మల్ని మోగించాను. పది నిమిషాలు కాలేదు, ఎదురింటి పిన్నిగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని గేటు తీసుకొచ్చేశారు. "ఎవరబ్బాయ్? పెద్దబావగారేనా?" వెనకాలే ఇంకో ఇద్దరు. మైకులో గీతా శ్లోకం వినపడిందంటే ఊళ్లో ఎవరో పోయినట్టు మాకు లెక్క. మీరు దానికంటే ఒక మెట్టు పైనే వినిపించారు మరి. ఎవరూ పోలేదనేసరికి వాళ్ల మొహాలు చిన్నబోయాయి. కాఫీలిచ్చి పంపాల్సొచ్చింది.

మీ మీద నా అభ్యంతరం అక్కడేనండి. మా దగ్గర ఏడుపుకి ఊరూ పేరూ ఉంటాయి. మా మేనత్త శవం దగ్గర కూర్చుని రాగం తీస్తే, పోయినాయన చేయించిన గొలుసు, చేయించని గాజులు, తోడికోడలు కాజేసిన ఇత్తడి బిందె, చెరిపేసిన గట్టు, తీరని బాకీ సమస్తం అందులో వచ్చేసేవి. కరణంగారి లెక్క కూడా అంత ఖచ్చితంగా ఉండేది కాదు. మీరేమో గంటసేపు ఏడ్చి ఒక్క పేరు చెప్పరు. మనిషి లేడు, బాకీ లేదు, గట్టు తగాదా లేదు. వినేవాడు ఎవరి కష్టాలు వాడే వేసుకుని ఏడ్చుకోవాలి. పెళ్లికి పిలిచి, బియ్యం ఎవరివి వాళ్లే తెచ్చుకోమన్నట్టుంది.

మీ గురించి వాకబు చేశాను. వయొలిన్ గారికి మీరు అన్నగారి వరస. నాలుగు తీగలు, గుర్రం తోక వెంట్రుకల కమాను, మోకాళ్ల మధ్య బైఠాయింపు, నేలకి గుచ్చే ఇనుప మొన. మా కొబ్బరికాయ వలిచే గునపానికి మొన పైకి ఉంటుంది, మీకు కిందికి. మీ లావు తీగ సెకనుకి 65 సార్లు కంపిస్తుందట. మా ఇంటికొచ్చే కరెంటుది 50 లెక్క. రొయ్యల చెరువు మీద మోటారనుకుని మా ఆవిడ రెండుసార్లు లేచి కిటికీ వేసిందంటే తప్పెవరిది?

జర్మనీలో బాఖ్ అనే ఆయన మూడొందల ఏళ్ల కిందట, పక్కవాద్యం లేకుండా మీ ఒక్కరి కోసమే 6 సూట్లు రాశారు. సూటంటే కోటూ ప్యాంటూ కాదట, నాట్యపు నడకల వరస. అయిదో సూట్లో సరబాండ్ అనే నెమ్మది నాట్యపు నడక విన్నాను. దానికి గజ్జె కట్టే మహానుభావులెవరో గాని వాళ్లకో దండం. తర్వాతివాళ్లు చాలామంది వాటిని సాధన పాఠాల కింద జమకట్టి వదిలేశారు. 1890లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఓ పాత కొట్టులో, మిమ్మల్ని వాయించడం నేర్చుకుంటున్న 13 ఏళ్ల పాబ్లో కాసల్స్‌కి ఆ పుస్తకం దొరికింది. పెద్దయ్యాక, 1936 నుంచి 1939 దాకా, ఆరూ రికార్డు చేశాడు. ఆ కుర్రాడు ఆ రోజు పక్క కొట్లోకి వెళ్లుంటే నా ధాన్యం తడిసేది కాదండి. ఆ సంగతికి వస్తున్నాను.

ముందు ఇంకో మాట. మీ తమ్ముడు వయొలిన్ గారు మా వైపు వచ్చి 200 ఏళ్లు. కర్ణాటక సంగీత విద్వాంసులు బాలుస్వామి దీక్షితులు గారు చేరదీస్తే బుద్ధిగా కింద కూర్చుని, విద్వాంసుడి కాలి మీద తల ఆనించి కీర్తనలు నేర్చుకున్నాడు. మాండొలిన్ మాత్రం మనదా? వైనతేయ, వశిష్ఠ దాటితే పాలకొల్లు. అక్కడ 1969లో పుట్టిన శ్రీనివాస్ చేతిలో పడి అదీ రాగాలు పలికింది. మీరు మాత్రం కుర్చీ వేయందే కూర్చోరు. అయినా మీరు మరీ కొత్తవారేం కాదని తర్వాత తెలిసింది. సినిమా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య, హీరోయిన్ ఉత్తరం చింపేటప్పుడు, అడుగున గుంయ్‌మనేది చాలాసార్లు మీరేనట. నలభై ఏళ్లు పెళ్లి మైకుల్లో విన్నాను, పేరడగలేదు. అది నా తప్పే.

ఇక ధాన్యం. కోతా నూర్పూ అయి మాసూళ్లయ్యాయి. 40 బస్తాలు రోడ్డువార ఆరబోసి, చెవుల్లో మిమ్మల్ని పెట్టుకుని కాపలా కూర్చున్నాను. 'వానలో సెల్లో, మూడు గంటలు' అని పేరు. బొమ్మలో కిటికీ అద్దం మీద చినుకులు, పక్కన కాఫీ కప్పు. ఉరుము ఉరిమింది. భలే కలిపాడ్రా అనుకుని కళ్లు మూసుకున్నాను. చినుకుల చప్పుడు. అదీ పాటలోదే అనుకున్నాను. మొహానికి చల్లగాలి కొట్టింది. ఆహా, ఏం వాయించాడు అనుకున్నాను గాని, ఫోన్లోంచి గాలి రాదు కదా అని తట్టలేదు. పక్క చేను బావ మట్టిగడ్డ విసిరితే లేచాను. ధాన్యం మీద కప్పాల్సిన బరకం, మెత్తగా ఉంటుందని, నా కిందే ఉంది.

మిల్లు దగ్గర తేమ మిషను 22 శాతం చూపించింది. సర్కారు కొనుగోలుకి 17 దాటకూడదు.

"మబ్బు కనపడలేదాండి?" అన్నాడు గుమస్తా.

"సెల్లో ఉన్నానండి."

"ఫోన్లో పడితే అంతే మరి" అని బస్తాకింత అని కోసేశాడు.

మా ఆవిడ ఫోను తీసి బియ్యం డబ్బాలో దాచింది. వారం గడిచింది. ఎనిమిదో రాత్రి పదకొండు దాటాక, అటు తిరిగి పడుకునే అంది: "ఆ మోటారు పెట్టండి, నిద్ర పట్టట్లేదు."

పెట్టాను. కాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఇది పాటలోది కాదని ఈసారి వెంటనే తెలిసింది. ఏమైందన్నాను. జలుబంది.

రెండో పంట, దాళ్వా మాసూళ్లు ఏప్రిల్లో. ఈలోగా ఉరుములు కలపనివి ఏవైనా ఉంటే పంపగలరు.

ఇట్లు,
40 బస్తాల తడిసిన ధాన్యం తాలూకు రైతు