ఏం కొలుస్తున్నామో తేల్చుకోకుండా పిలకాయల చేతికి ప్రశ్నావళి ఇయ్యొద్దు

ఎంఈడీ డిజర్టేషన్ల (కోర్సులో భాగంగా రాసే పరిశోధన పుస్తకాల) కాలం వస్తే చాలు, కందుకూరు చుట్టుపక్కల హైస్కూళ్ళకి ఒకరి తర్వాత ఒకరు వస్తుంటారు, చేతిలో జిరాక్స్ కట్ట పట్టుకుని, "సార్ ఒక్క పీరియడ్ ఇయ్యండి సార్, నైన్త్ క్లాస్ పిలకాయలతో టిక్కులు పెట్టించుకుని పోతాం" అని. నేను కాదనను. వాళ్ళు రేపు టీచర్లకే పాఠం చెప్పాల్సినోళ్ళు. కానీ ఆ కాగితాలు చదివితే మాత్రం కడుపు మండుద్ది, ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తా, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

అన్నిటికీ టైటిల్ ఒకటే మూస. "హైస్కూలు విద్యార్థుల గణిత వైఖరి, కొన్ని చరాంశాల దృష్ట్యా ఒక అధ్యయనం". ఆ కొన్ని చరాంశాలు, అదే వేరియబుల్స్, ఒక పిల్లాడికీ ఇంకొకడికీ మారేవి, ఏందయ్యా అంటే ఆడా మగా, పల్లె టౌను, గవర్నమెంటు ప్రైవేటు, తెలుగు మీడియం ఇంగ్లీష్ మీడియం. నాలుగు టీ టెస్టులు (రెండు గుంపుల సగటుల మధ్య తేడా చూసే లెక్క), నాలుగు టేబుళ్ళు, కింద "సార్థక భేదం లేదు", అంటే లెక్కలోకి తీసుకునేంత తేడా లేదు, అని ఒక లైను. అయిపోయింది డిజర్టేషన్. ఇంతకీ వైఖరి అంటే ఏమనుకుని కొలిచావమ్మా అని అడిగితే ఫలానా స్కేలు (టిక్కులకి అంకెలు వేసే రెడీమేడ్ ప్రశ్నావళి) కొన్నాం సార్ అంటారు. స్కేలు సరే, దేన్ని కొలిచావు?

కాన్సెప్ట్‌కీ కన్‌స్ట్రక్ట్‌కీ తేడా పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నకి రాసేసి మర్చిపోయే సంగతి కాదు. ఎత్తు ఉందనుకోండి, పొడుగోళ్ళని పొట్టోళ్ళని కళ్ళతో చూసి చూసి మనకొక ఊహ ఏర్పడింది, టేపు పెడితే తేలిపోద్ది, అది కాన్సెప్ట్. గణితభయం అట్టా కాదు. దాన్ని ఎవరూ చూడలేదు. పరిశోధన కోసం, దేనితో దానికి సంబంధం ఉందో చూడ్డం కోసం మనిషి కావాలని కట్టుకున్న ఊహ అది. పరిశోధనా పద్ధతుల మీద రాసిన కెర్లింజర్ 1964లో వచ్చిన తన పుస్తకంలో చెప్పింది ఇదే, కన్‌స్ట్రక్ట్ అనేది ఒక శాస్త్ర ప్రయోజనం కోసం తెలిసి తెలిసి తయారుచేసుకున్న కాన్సెప్ట్ అని. మనకి కనపడేది దాని ఆనవాళ్ళే. లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే కడుపునొప్పి అనే పిల్లాడు, పేపరు తీసుకుని పేరు రాసి అట్టాగే కూర్చునే పిల్ల, బోర్డు దగ్గరికి పిలిస్తే చాక్‌పీసు నలిపేసేవాడు. ఇవి భయానికి గుర్తులు కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ కడుపునొప్పి పిల్లాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో. అందుకే ముందు ఆ ఊహని మాటల్లో తేల్చుకోవాలి, తర్వాత ఏ ఆనవాళ్ళతో దాన్ని పట్టుకుంటానో చెప్పుకోవాలి. మనోళ్ళు మొదటిది వదిలేసి "ఈ అధ్యయనంలో గణితభయం అనగా ఈ స్కేలు మీద వచ్చిన స్కోరు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోతారు. అది ఆపరేషనల్ డెఫినిషనే (దేంతో ఎట్టా కొలుస్తామో చెప్పే నిర్వచనం), ఒప్పుకుంటా, కానీ వెనక ఊహ లేకపోతే అది ఉట్టి అంకె.

ఆత్మవిశ్వాసం అని పేరు పెట్టి చేసే స్టడీలు చూడండి. రోజెన్‌బర్గ్ 1965లో ఇచ్చిన సెల్ఫ్ ఎస్టీమ్ స్కేలులో పది వాక్యాలుంటాయి, మొత్తం మీద నేను విలువైన మనిషినేనా అన్నది అందులో సంగతి. బందూరా 1977లో చెప్పిన సెల్ఫ్ ఎఫికసీ వేరే, ఈ ఫలానా పని నేను చేయగలనా అన్న నమ్మకం. పొదిలి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పదో తరగతి అమ్మాయిని తీసుకోండి, సెలవులకి ఇంటికి పోతే తమ్ముళ్ళని చూసుకుంటది, రేషను తెస్తది, ఇంట్లో ఆమె మాటే చెల్లుద్ది, తన విలువ తనకి బాగా తెలుసు. త్రికోణమితి మాత్రం నాకు రాదు సార్ అంటది. ఈమెకి ఆత్మవిశ్వాసం ఉన్నట్టా లేనట్టా? అందులో సగం వాక్యాలు ఇందులో సగం వాక్యాలు కలిపి ఒక ప్రశ్నావళి చేస్తే ఆమె సగటున మధ్యస్థంగా తేలుద్ది, అది ఆమె గురించి పచ్చి అబద్ధం. ఒకే పేరు కింద రెండు వేర్వేరు సంగతులు కలిపేసే ఈ పొరపాటుని థార్న్‌డైక్ 1904లోనే ఎత్తిచూపాడు. ఒకే సంగతికి రెండు పేర్లు పెట్టి రెండనుకునే పొరపాటుని కెల్లీ 1927లో చెప్పాడు. వందేళ్ళ కిందటి మాటలు, మన సెమినార్ హాళ్ళలో ఇంకా వినపడట్లేదు.

స్కేలు సరైందేనా అని అడిగితే ఆల్ఫా బాగా వచ్చింది సార్ అంటారు. క్రాన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా చెప్పేది ఆ వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని, అంతే. అవి దేన్ని కొలుస్తున్నాయో అది చెప్పదు. అన్ని వాక్యాలూ చదవడానికే కష్టంగా ఉంటే, చదవడం వచ్చిన పిల్లలు ఒక వైపు రానోళ్ళు ఒక వైపు టిక్కులు పెడతారు, ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తది, నువ్వు కొలిచింది మాత్రం చదివే సత్తాని. "లెక్కలంటే నాకు భయం లేదని చెప్పలేను" అని ఒక కాగితంలో ఉండింది, నా క్లాసులో ఒకడు దాన్ని నాలుగు సార్లు చదువుకుని పక్కోడి కాగితం చూసి టిక్కు పెట్టాడు. ఆ టిక్కు కూడా డేటాలోకి పోయింది. క్రాన్‌బాక్, మీల్ ఇద్దరూ కలిసి 1955లో కన్‌స్ట్రక్ట్ వాలిడిటీ (కొలవాలనుకున్న ఊహనే కొలుస్తున్నామా అన్నది) గురించి రాసింది ఇందుకే, నీ ఊహకి వేరే వేటితో సంబంధం ఉండాలో వేటితో ఉండకూడదో ముందే చెప్పి, అట్టా ఉందో లేదో చూపించాలి.

ఇంక వేరియబుల్స్ సంగతి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఆడా మగా అన్నదాన్ని ఇండిపెండెంట్ వేరియబుల్ (కారణంగా పెట్టుకునేది) అని రాసి "లింగభేద ప్రభావం" అని హెడ్డింగ్ పెడతారు. ప్రభావం అనాలంటే నువ్వు దాన్ని మార్చి చూడగలగాలి. బోధనా పద్ధతి మార్చొచ్చు, వారానికి ఎన్ని చదివే పీరియడ్లు పెట్టాలో మార్చొచ్చు, కాపీలు దిద్ది వివరంగా రాసి ఇయ్యాలా ఉట్టి మార్కులే ఇయ్యాలా మార్చొచ్చు. ఇవి యాక్టివ్ వేరియబుల్స్. ఆడా మగా, కులం, వయసు, అమ్మానాన్నల చదువు, ఇవి పిల్లాడు మోసుకొచ్చినవి, ఆట్రిబ్యూట్ వేరియబుల్స్. వీటి దగ్గర తేడా ఉంది అనొచ్చు, సంబంధం ఉంది అనొచ్చు, ప్రభావం అని రాసే హక్కు మనకి ఆ డేటా ఇయ్యదు. చూడ్డానికి ఒక మాట తేడానే, కానీ దాన్నిబట్టి ఆడపిల్లలకి లెక్కలు రావు, ఫలానా కులం పిల్లలు వెనకబడతారు అన్న ముద్ర పడిపోద్ది, దాన్ని స్టాఫ్ రూముల్లో యూనివర్సిటీ వాళ్ళే తేల్చారు అని చెప్పుకుంటారు.

పల్లె టౌను పోలిక ఇంకా అన్యాయం. మా వైపు జనవరి నుంచి మార్చి దాకా పొగాకు బ్యారన్లు (పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్లు) నడుస్తాయి, ఆకు రెలవడం, కర్రలకి కట్టడం, దించడం, గ్రేడు చేయడం, ఇంట్లో ఒక్క మనిషి కూడా ఖాళీగా ఉండడు, పిలకాయలు కూడా సాయానికి పోతారు. సరిగ్గా ఫిబ్రవరిలో వచ్చి పల్లె బడిలో ఒక టెస్టు, టౌను బడిలో ఒక టెస్టు పెట్టి "గ్రామీణ విద్యార్థుల సాధన తక్కువ" అని రాస్తే ఎట్టా? అక్కడ మార్కులు తగ్గించింది పల్లె కాదు, పోయిన క్లాసులు. హాజరు పట్టీ ఆఫీసు రూములోనే ఉంటది, అడిగితే హెడ్మాస్టర్ చూపిస్తాడు, ఎవరూ అడగరు.

కనిగిరి, పామూరు, ఉదయగిరి మెట్ట వైపు పోతే వలస. అమ్మానాన్న బెంగళూరుకో హైదరాబాదుకో బిల్డింగ్ పనులకి పోతారు, పిల్లలు అవ్వ దగ్గర. వలసకీ మార్కులకీ సంబంధం ఉందని చూపించడం తేలికే. ఎట్టా జరుగుతోంది అన్నదే అసలు ప్రశ్న. వలస వల్ల హాజరు తగ్గి, హాజరు వల్ల మార్కులు తగ్గితే, హాజరు మీడియేటర్. అదే వలస ఉన్నా హాస్టల్లో ఉన్న పిల్లల్లో మార్కులు అంతగా తగ్గకపోతే హాస్టల్ మోడరేటర్. బారన్, కెన్నీ 1986లో ఈ రెండూ వేరని విడమర్చి చెప్పారు. ఇది తెలిస్తే కదా అక్కడ హాస్టల్ కట్టాలా, హాజరు మీద పనిచేయాలా అని ఒక అధికారికి చెప్పగలిగేది!

సామాజిక ఆర్థిక స్థాయి అని పెట్టి తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయం" అని ఒకటే గడి ఇస్తారు. విడవలూరు వైపు చెరువు ఓనరుదీ వ్యవసాయమే, ఆ చెరువు లీజుకి తీసుకుని రొయ్యకి తెగులొచ్చి మునిగినోడిదీ వ్యవసాయమే, మేత వేసే కూలీదీ అదే. ముగ్గురి పిల్లలూ ఒకే అంకె. ఈ స్థాయి కొలిచే కుప్పుస్వామి స్కేలు టౌను కుటుంబాల కోసం చేసింది, పల్లెకి పారీక్‌ది 1964 నుంచి ఉండాది, అయినా కుప్పుస్వామినే పల్లెలకీ తీసుకుపోతారు. కులానికి 1, 2, 3, 4 అని కోడ్ ఇచ్చి సాఫ్ట్‌వేర్‌లో వేసి దానికి సగటు తీసి టేబుల్లో పెట్టిన డిజర్టేషన్ నేను చూశా. ఆ అంకెలు ఉట్టి పేర్లు, వాటికి సగటు ఉండదు అని స్టీవెన్స్ 1946లోనే కొలత స్కేళ్ళ గురించి రాస్తూ చెప్పాడు.

గైడ్లుగా ఉన్న మేడమ్‌లకి, సార్లకి నా విన్నపం ఒకటే. టైటిల్ ఓకే చేసే ముందు డిజర్టేషన్ చేసే పిల్లతో రెండు పేజీలు రాయించండి, నేను కొలిచేది ఏంది, అది బడిలో ఎట్టా కనపడుద్ది, దాంతో కలిసిపోయి మోసం చేసేది ఏంది అని, పుస్తకం చూడకుండా సొంత మాటల్లో. తర్వాత ప్రశ్నావళి మూడొందల మందికి పంచే ముందు ఒక అయిదారుగురు పిలకాయల్ని వరండాలో కూర్చోబెట్టుకుని ఒక్కో వాక్యం చదివించి "నీకేం అర్థమైంది నాయనా" అని అడిగించండి. ఒక మధ్యాహ్నం పని. సగం వాక్యాలు అక్కడే కొట్టేయాల్సి వస్తది.

ఈ సంవత్సరం టైటిల్ దశలో ఉన్నోళ్ళు ఎవరైనా ఆ రెండు పేజీలు రాసుకుంటే నాకు పంపండి, ఏ జిల్లా అయినా పర్లేదు, చదివి నాకు తోచింది చెప్తా. పొగాకు ఊళ్ళల్లో డేటా తీసుకునేవాళ్ళు మాత్రం హాజరు పట్టీ కాపీ కూడా అడిగి తీసుకోండి, నెలవారీగా.