పదో వచనం ఏ పాపం చేసింది?

పాస్టర్లను తయారుచేసే సెమినరీ చాపెల్‌లో రక్షణ (పాపం నుంచి విమోచన) గురించి ఒక ప్రసంగం జరిగింది. దాని మీద మీరు రాసిన వ్యాసం ఆ ప్రసంగాన్ని తెగ మెచ్చుకుంది. రక్షణకు దేవుని కృపే చాలు, మన క్రియలతో నిమిత్తం లేదు అన్న మాటతో బాప్టిస్టులమైన మాకు పేచీ లేదు. కానీ ప్రసంగీకుడు బైబిల్లోని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో 8, 9 వచనాలు చదివి ఆపేశారని మీరే రాశారు. దేవుడు మనల్ని సత్క్రియల కోసం సృష్టించాడనే మాట ఉన్నది ఆ తర్వాతి పదో వచనంలోనే కదా!

ఆ సత్క్రియలకు ఒక ఉదాహరణ చెప్తాను. మా చెన్నైలో తిరుమయిలై స్టేషన్ పక్కన నల్లగా, కంపు కొడుతూ ఒక కాలువ ఉంటుంది. అదే బకింగ్‌హామ్ కాలువ. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ తమ వైపు ఈ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చారు. అన్నం కోసం చేరారన్న మాట పడకూడదని కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తర్వాతే. (ఈ అంకె మా సండే స్కూలు పిల్లలకూ కంఠతా వచ్చు.)

చాపెల్‌లో కూర్చునేది రేపటి పాస్టర్లు. వాళ్లకు కృప గురించి చెప్పినంత గట్టిగా ఆ కూలి లెక్కల గురించీ చెప్పాలి. ఈసారి ప్రసంగానికి, క్రియలు లేని విశ్వాసం మృతమని చెప్పే యాకోబు పత్రిక తీసుకుంటే వినడానికి నేనూ వస్తాను.