మార్చిన మోకీళ్లలో నిలిచినవెన్ని?

పూనమల్లి హైరోడ్డు మీద ఆసుపత్రుల హోర్డింగులు చూస్తే మోకీళ్ల మార్పిడిలో చెన్నైకి ఎదురు లేదనిపిస్తుంది. ఇన్ని వేల ఆపరేషన్లు చేశాం, రోబోతో చేశాం, మర్నాడే నడిపించాం. వాటిలో ఐదేళ్లకు ఎన్ని నిలిచాయి, ఎన్నింటిని మళ్లీ తెరవాల్సి వచ్చింది అన్న అంకె మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. చాలా చోట్ల దాన్ని దాచే పని కూడా లేదు, అసలు లెక్క కట్టలేదు కనుక.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్, అంటే లోపల అమర్చే కృత్రిమ కీలు, ధరలకు కళ్లెం వేసిన సంగతి తెలిసిందే. కోబాల్ట్ క్రోమియం మోకీలు రూ.54,720కి దిగింది, పన్ను అదనం. ధర మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా ఫలితం మీద జరగలేదు.

సూళ్లూరుపేట, నాయుడుపేట, నగరి, పుత్తూరుల నుంచి చెన్నై వచ్చి ఆపరేషన్ చేయించుకునే మనవాళ్ల సంగతే చూడండి. నాలుగైదు రోజులు ఆసుపత్రి. రెండు వారాలకు కుట్లు ఊళ్లోనే తీయించుకుంటారు. ఆరు వారాలకు ఒకసారి వస్తారు, ఎక్స్‌రే బాగుంటుంది. ఆపైన రారు. రెండో ఏట మోకాలు వాచి వేడెక్కితే మళ్లీ చెన్నై రైలెక్కే బదులు నెల్లూరో తిరుపతో వెళ్తారు. రివిజన్, అంటే ఆ కీలును మళ్లీ తెరిచి సరిచేసే ఆపరేషన్, అక్కడ జరుగుతుంది. చెన్నై కేస్ షీట్‌లో మాత్రం ఆ మోకాలు ఇప్పటికీ 'నొప్పి లేదు, నడక బాగుంది'.

దీనివల్ల లెక్క ఎంత తారుమారవుతుందో చూద్దాం. 200 మందికి చేశారనుకుందాం. ఏడాది తర్వాత చూపించుకోవడానికి 140 మంది వచ్చారు, వాళ్లలో నలుగురికి రివిజన్ అయింది. పరిశోధన పత్రంలో 2.9 శాతం అని పడుతుంది. రాని 60 మందిలో ఆరుగురికి వేరే ఊళ్లో రివిజన్ అయి ఉంటే అది 5 శాతం. రానివాళ్లంతా బాగున్నారనుకుంటే 2, అందరికీ పాడైందనుకుంటే 32. నిజాయితీగా చేసిన అధ్యయనం ఈ రెండు చివర్లనూ చూపిస్తుంది. రానివాళ్లు రెండు రకాలు: బాగుండి రానివాళ్లు, విసిగిపోయి రానివాళ్లు. ఎవరెంతమందో ఫోన్ చేస్తే తప్ప తెలీదు. చనిపోయినవాళ్లను విడిగా రాయాలి. మూడో ఏట గుండెపోటుతో పోయినామె మోకీలు విఫలమైనట్టూ కాదు, పదేళ్లు నిలిచినట్టూ కాదు.

ఇక పీజీ థీసిస్‌లు. ఎముకల వైద్యంలో పీజీ అయిన ఎంఎస్ ఆర్థో మూడేళ్లు. ప్రోటోకాల్‌కు, ఎథిక్స్ కమిటీకి కొన్ని నెలలు, చివర్లో పరీక్షలు పోగా మిగిలేది దాదాపు ఏడాదిన్నర. అందుకే ముప్పై మంది రోగులు, ఆరు నెలల ఫాలో-అప్, 'ఒక్కరికీ ఇన్ఫెక్షన్ రాలేదు' అనే ముగింపు. సున్నా కేసులు కనబడినప్పుడు గణాంకవేత్తలు ఒక చిన్న లెక్క వేస్తారు: మూడును మొత్తం రోగుల సంఖ్యతో భాగించడం. 3ను 30తో భాగిస్తే, అసలు రేటు 10 శాతం దాకా ఉన్నా ఆ సున్నా రావచ్చని తేలుతుంది. మోకీలు మార్పిడిలో లోతు ఇన్ఫెక్షన్ మామూలుగా ఒకటి రెండు శాతం. 300 మందిలో సున్నా వస్తే గానీ ఒక శాతం లోపు అనే ధైర్యం రాదు. విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఏటా చేరే పీజీలు ఒకే ఫారం మీద, ముందు బ్యాచ్ రోగులనే కొనసాగిస్తూ పోతే ఐదేళ్లకు వందలమంది పోగవుతారు. ఏటా కొత్త టాపిక్ కావాలన్న పట్టుదలే దానికి అడ్డం.

ఆ ఫారం ఒక్క పేజీ చాలు. ఎడమా కుడా, తేదీ, వయసు, బరువు, షుగరు అదుపు చెప్పే హెచ్‌బీఏ1సీ. ఇంప్లాంట్ పెట్టెల్లో వచ్చే స్టికర్లు అంటించాలి: తొడ ఎముక భాగానికి ఒకటి, కింది ఎముక ప్లేటుకు ఒకటి, మధ్య ప్లాస్టిక్‌కు ఒకటి. ఆ కీలు ఏ తయారీ విడతలోదో చెప్పే లాట్ నంబరు ఉండేది ఆ స్టికర్ మీదే. సిమెంట్ ఏది, అందులో యాంటీబయాటిక్ ఉందా లేదా. అన్నిటికీ ముందు, నొప్పి, నడక ఎలా ఉన్నాయో రోగినే అడిగి వేసే మార్కులు, ఆపరేషన్‌కు ముందరి స్కోరు. అది లేనిదే తర్వాతి స్కోరుతో ఏం పోల్చుతారు? ఆక్స్‌ఫర్డ్ స్కోరు 12 ప్రశ్నలు, 48 మార్కులు. కారెక్కడం, మెట్లు దిగడం, కొట్టుకెళ్లి సరుకులు తెచ్చుకోవడం ఉన్నాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, నేలబారు మరుగుదొడ్డి వాడటం లేవు. మన పెద్దవాళ్లు డాక్టర్ని మొదట అడిగేది ఆ రెండే. వాటిని విడిగా చేర్చాలి, తెలుగులోనే అడగాలి.

స్టికర్ మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి కీలు గుర్తుచేసుకోండి. లోహం మీద లోహం రాసుకుని కోబాల్ట్, క్రోమియం ఒంట్లోకి చేరాయి. 1999లో మొదలైన ఆస్ట్రేలియా కీళ్ల మార్పిడి రిజిస్ట్రీ (దేశవ్యాప్త నమోదు పట్టీ), ఈ కీలు మిగతావాటికన్నా ఎక్కువగా రివిజన్‌కు వస్తోందని 2007 నాటికే పట్టేసింది. ప్రయోగమేమీ చేయలేదు. జరిగిన ప్రతి ఆపరేషన్‌నూ రాసిపెట్టుకుంది, అంతే. 2009 డిసెంబరులో అక్కడ వెనక్కి తీసుకున్నారు, 2010 ఆగస్టులో ప్రపంచమంతటా. మన దేశంలో దాన్ని సుమారు 4,700 మందికి అమర్చారు. 2018 నాటికి కూడా వారిలో అత్యధికుల ఆచూకీ లేదు. పరిహారం ఇస్తామన్నా పుచ్చుకునే మనిషి దొరకని దుస్థితి.

ఇలా రాసిపెట్టుకుని చూసే అధ్యయనాల్లో కారణం తేలదు, రోగులను చీటీ వేసినట్టు గుంపులుగా విడదీసి పోల్చే రాండమైజ్డ్ ట్రయల్ కావాలనేవాళ్లున్నారు. కొంత నిజమే. మూడు నెలలు ఫిజియోథెరపీ పూర్తిచేసినవాళ్లు బాగా నడుస్తున్నారంటే అది ఫిజియో చలవా, లేక నడవగలిగినవాళ్లే ఫిజియోకు వచ్చారా అన్నది తేల్చలేం. ట్రయల్ పెట్టాల్సిన చోట పెట్టండి. ఎనిమిదో ఏట బయటపడే లోపం రెండేళ్ల ట్రయల్‌కు చిక్కదు. కష్టమైన కేసులు తీసుకునే సర్జన్‌కు చెడ్డపేరు వస్తుందన్న భయం ఉంటే వయసు, షుగరు, బరువు కలిపి లెక్క సరిదిద్దే పద్ధతులున్నాయి.

బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ వందేళ్ల కిందటే ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఏడాది తర్వాత ఏమైందో రాశాడు. 1911, 1916 మధ్య తన ఆసుపత్రి నుంచి వెళ్లిన 337 మంది విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చేశాడు. తోటి డాక్టర్లు మెచ్చుకోలేదు సరికదా, దూరం పెట్టారు. మన జబ్బూ అదే, పైగా అది ఆసుపత్రి దాటి పాలనంతా పాకింది. ఎన్ని మరుగుదొడ్లు కట్టాం, ఎన్ని ఇంకుడు గుంతలు తవ్వాం, ఎన్ని ట్యాబ్‌లు పంచాం అని ప్రకటనలు. ఆ గుంతలో నీరింకిందా అని మరుసటేడు వెళ్లి చూసే అధికారికి ప్రమోషన్ రాదు. శంకుస్థాపనకు ఫొటో ఉంటుంది, తనిఖీకి ఉండదు.

అందుకే దీన్ని డబ్బుతో ముడిపెట్టాలి. కీళ్ల మార్పిడికి ఖర్చు భరించే ప్రభుత్వ బీమా, తమిళనాడుదైనా సరిహద్దు అవతలిదైనా, ప్యాకేజీలో పదో వంతు ఆపి ఏడాది ఫారం అందాకే విడుదల చేయాలి. ఫారాలను ఓపీలో కూర్చుని నింపేస్తారు, అది ఖాయం. కనుక ప్రతి ఇరవైలో ఒకటి తీసి, ఆసుపత్రితో సంబంధం లేని, తెలుగూ తమిళమూ వచ్చిన మనిషి నేరుగా రోగికే ఫోన్ చేసి, ఆ మోకాలికి ఇంకెక్కడైనా మళ్లీ ఆపరేషన్ అయిందా అని అడగాలి. అందుకు సమ్మతి సంతకం, రెండు ఫోన్ నంబర్లు అడ్మిషన్ రోజే తీసుకోవాలి. ఒకటి ఊళ్లో ఉండేవాళ్లది కావాలి. ఇప్పుడు కేస్ షీట్ మీద తరచూ ఉండేది చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు నంబరు, ఆ కొడుకు ఏడాది తిరిగేసరికి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు.