"ఇప్పటి నర్సులకు సేవాభావం లేదు" అన్న మెసేజ్‌కు ఒక నర్సు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వెనకటి నర్సులకు సేవాభావం ఉండేదట, ఇప్పటివాళ్లకు జీతం తప్ప ఏదీ పట్టదట. పని ఒత్తిడి అనేది ఒట్టి సాకట. నచ్చనివాళ్లు మానేసి పోవచ్చట. నేను పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుని. మా అత్తయ్య కూడా దీన్ని నిజమనుకుని నాకు పంపింది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

సేవాభావం లేదన్న మాట ముందు. నేను ఒకప్పుడు చేసిన ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి పద్దెనిమిది మంది పేషెంట్లకు నేనొక్కదాన్నే. ఒకరికి సెలైన్ అయిపోతుంటుంది, ఇంకొకరికి ఇంజెక్షన్ టైమ్ దాటుతుంటుంది, మూల బెడ్ మీది పెద్దాయన బాత్రూమ్‌కి తీసుకెళ్లమంటాడు. ఈలోగా ఫార్మసీకి పరుగెత్తి మందులు తేవాలి, తెల్లారేలోగా కేస్ షీట్లన్నీ నింపాలి. ఒక రాత్రి ఒకామె నా చెయ్యి పట్టుకుని, "రేపు ఆపరేషన్ అంటే భయంగా ఉంది సిస్టర్, కాసేపు కూర్చోండి" అంది. "ఇప్పుడే వస్తానమ్మా" అన్నాను. తెల్లారేదాకా వెళ్లలేకపోయాను. తర్వాత చేరిన ఆసుపత్రిలో షిఫ్టుకు నాకు ఐదుగురే. అక్కడ అందరినీ పేరు పెట్టి పిలిచేదాన్ని, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో దగ్గర కూర్చుని నేర్పేదాన్ని. రెండు చోట్లా ఉన్నది నేనే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం కూడా సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో ముగ్గురికి ఒకరు.

ఇక ఒత్తిడి సాకు అన్న మాట. అమెరికాలో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల మీద నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. ఒక్కో నర్సుకు ఒక్క పేషెంట్ పెరిగినకొద్దీ, సర్జరీ పేషెంట్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగినట్టు అందులో తేలింది. నర్సులు పనిలో పూర్తిగా అలిసిపోయే అవకాశం 23 శాతం పెరిగింది. సాకు అయితే ప్రాణాల లెక్కలో కనబడదు కదా.

జీతం సంగతికొస్తే, అడగడం తప్పెలా అవుతుంది? సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో వేసిన కమిటీయే, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఇప్పటికీ అంతకంటే తక్కువకు పనిచేస్తున్నవాళ్లు నాకు తెలుసు.

చివరిది, మానేసి పోవచ్చన్న మాట. పోతూనే ఉన్నారు, గల్ఫ్‌కి, బ్రిటన్‌కి. వాళ్ల జాగాలో కొత్తగా చేరిన పిల్లకి వార్డు తెలిసేసరికి నెలలు పడుతుంది, ఆ భారం మళ్లీ మిగిలినవాళ్ల మీదే. నర్సులు నిలిచే ఆసుపత్రులూ ఉన్నాయి. అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లోనూ వాళ్లను నిలబెట్టుకున్న 41 ఆసుపత్రులను అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ 1983లో గుర్తించింది. అక్కడ నిర్ణయాల్లో నర్సుల మాట చెల్లేది, పైవాళ్లు వాళ్లకు అందుబాటులో ఉండేవాళ్లు. నన్ను అడిగితే జీతం తర్వాత ఇదే పెద్ద సంగతి. పేషెంట్ బంధువుల ముందు డాక్టర్ గట్టిగా అరిచినప్పుడు ఇన్‌చార్జ్ సిస్టర్ నా పక్కన నిలబడిందనుకోండి, ఆ రోజు ఎంత పనైనా చేయగలను. నిలబడకపోతే మర్నాడు డ్యూటీకి రావడానికే కాళ్లాడవు.

ఈ మెసేజ్ పంపేవాళ్లకు ఒక విన్నపం. ఈసారి మీవాళ్లు ఆసుపత్రిలో చేరినప్పుడు, ఈ షిఫ్టులో ఒక్కో సిస్టర్‌కి ఎంతమంది పేషెంట్లని మేనేజ్‌మెంట్‌ని అడగండి.